జీపు చుట్టూ సున్నపు గీత

పొద్దున లేవగానే నా మొదటి పని మా అత్త సున్నపు డబ్బీలో కాసిని నీళ్ళు చిలకరించడం. ఆకు వేసుకోనిదే ఆమెకు రోజు మొదలయ్యేది కాదు. డబ్బీలో సున్నం తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. తడిపి వేలితో కలిపితే గానీ తమలపాకుకు పట్టదు. వాకిలి ఊడ్వకముందే, పొయ్యి ముట్టించకముందే ఆ డబ్బీ తీసుకెళ్ళి ఆమె మంచం కోడు పక్కన పెట్టేదాన్ని. మాఘమాసంలో ఆమె పోయింది. ఇప్పటికీ తెల్లవారగానే నా చెయ్యి గూట్లోకి పోతుంది, డబ్బీ తగులుతుంది, ఉత్తగా వెనక్కి వస్తుంది. లోపల సున్నం పెంకులా ఎండి పగిలింది. తడపడం లేదు. ఎవరికని తడపాలి?

నాకు పెద్ద చదువు లేదు. ఆదిలాబాదు వైపు మా నాయన ఊళ్ళో మూడో తరగతి దాకా తెలుగు నేర్చుకున్నాను. ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఆ అక్షరాలతో పని పడలేదు. ఇక్కడి బడి మరాఠీది, బస్సు బోర్డు మరాఠీది. నలుగురిలో నోరు విప్పే అలవాటు కూడా లేదు నాకు. కానీ మా అత్త సారక్క సంగతి, అందులోనూ ఆ జీపు వచ్చిన రోజు సంగతి, ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే ఊరుకోలేను. ఇంత దుఃఖంలో కూడా ఆ రోజు గుర్తొస్తే కూర్చున్నదాన్ని లేచి నిలబడతాను.

మా ఊరు నేరేడుగొంది. రాజూరాకూ కోర్పనాకూ నడుమ ఉంటుంది. పత్తి చేలు, వాటి కింద ఎక్కడ తవ్వినా సున్నపురాయి. ఉప్పర్వాహిలో సిమెంటు కార్ఖానా రాకముందు చుట్టుపక్కల గోడలన్నిటికీ సున్నం మా అత్తగారింటి బట్టీ నుంచే పోయేదట. నేను వచ్చేనాటికి బట్టీ చల్లారిపోయి పెరట్లో ఒక నల్లటి గుంటగా మిగిలింది. బట్టీ పోయినా, దాంతో వచ్చిన ఒక పని మాత్రం మా ఇంటి ఆడవాళ్ళ చేతిలోనే ఉంది. అది ఊరికి కట్టు కట్టే పని.

మూడేళ్ళకోసారి, విత్తనాలు వేయకముందు, ఒక మంగళవారం, మనుషులకూ పశువులకూ రోగం సోకకుండా ఊరికి కట్టు కడతారు. ఊళ్ళోకి వచ్చే తోవలన్నిటికీ అడ్డంగా, ఊరి చుట్టూ, పొడి సున్నంతో గీత గీస్తారు. గీత కలిసిన తరువాత మర్నాడు పొద్దు పొడిచేదాకా ఎవరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. మనిషే కాదు, పశువు, చెంబు, కాగితం ముక్క, ఏదీ గీత దాటకూడదు. ఆ రోజు పొయ్యి వెలిగించం. ముందు రోజు చేసుకున్న జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తింటాం. పొద్దు పొడవగానే, గీత గీసిన చెయ్యే పేడనీళ్ళతో దాన్ని తుడిచి తోవలు తీయాలి. మా అత్త చేతిలోకి ఆ సున్నపు గంప ఆమె అత్త చేతి నుంచి వచ్చింది.

గీతలంటే మా అత్తకు మొదటి నుంచీ ఒక నవ్వు. ఆమె పుట్టింది నైజాం రాజ్యంలో, ఆదిలాబాదు జిల్లాలో. చిన్నప్పుడే పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది. అప్పుడు ఇదీ ఆదిలాబాదు జిల్లానే. పెద్దబిడ్డ పుట్టింది. ఆ తరువాతి ఏడాది రాష్ట్రాలను విడగొట్టి కలిపినప్పుడు, ఒకరోజు చావడి దగ్గర చాటింపు వేశారట, ఇక మీదట రాజూరా తాలూకా బొంబాయి రాష్ట్రం, నాందేడు జిల్లా అని. నాందేడు ఎటువైపు ఉందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. చాటింపు వేసినవాడిని అడిగితే వాడు ఒకసారి పడమరకు, ఒకసారి దక్షిణానికి చెయ్యి చూపించాడట. ఆ కాలంలోనే రెండో బిడ్డ. ఆ పిల్ల పాలు మరిచిందో లేదో మళ్ళీ చాటింపు, ఇప్పుడు చాందా జిల్లా అని. అప్పుడు మా ఆయన దేవన్న కడుపున పడ్డాడు. ఆయన పుట్టేసరికి బొంబాయి పోయి మహారాష్ట్ర అయింది. కొన్నాళ్ళకు చాందా పేరే చంద్రపూర్ అయింది.

"ముగ్గురిని ఒక్క మంచం మీదనే కన్న," అనేది మా అత్త. "మూడు జిల్లాలల్ల కన్న."

బిడ్డలను కోపంగా పిలవాల్సి వస్తే పేర్లతో పిలిచేది కాదు. ఆదిలాబాదుదానా, నాందేడుదానా అనేది. మా ఆయనైతే చాందావోడు. పెళ్ళయిన కొత్తలో, "చాందావోడు అన్నం తిన్నడా?" అని ఆమె అడిగితే ఎవరో చుట్టం వచ్చాడేమోనని రెండు కంచాలు కడిగి పెట్టాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ నవ్వుతోనే ఈ ఇల్లు నాకు మా ఇల్లయింది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె నవ్వేది కాదు. అది వాగు. మా ఊరికీ రాజూరాకూ మధ్య వాగు ఉంది. కోర్పనా వైపు వాగు లేదు, గట్టు తోవ. కానీ తాలూకా కచేరి రాజూరాలో ఉంది. భూమి కాగితం కావాలన్నా, పట్టా పేరు మార్చాలన్నా వాగు దాటాల్సిందే. మా మామ లచ్చయ్య ఒక శ్రావణమాసంలో భూమి కాగితం కోసం రాజూరా పోయాడు. పనయింది. తిరిగి వస్తూ వాగులోకి దిగాడు. మా ఆయన అప్పటికి బడికి పోయే పిల్లవాడు. రెండు రోజుల తరువాత శవమై దొరికాడు, నడుముకు కట్టుకున్న గుడ్డలో ఆ కాగితం ముద్దగా దొరికింది. అప్పటి నుంచి మా అత్తది ఒకటే మాట, ఈ ఊరి మనిషి ఇంకెవరూ కచేరికని ఆ నీళ్ళలో దిగకూడదు.

నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకు, రాజూరాను చీల్చి కోర్పనాను వేరే తాలూకా చేస్తారన్న మాట పుట్టింది. అబ్బ, ఆ రోజులు. సంతకు పోతే పత్తి ధర కన్నా అదే ముచ్చట. కోర్పనా అప్పటికి వారానికోసారి సందడి చేసే సంత ఊరు. దానికి కచేరి వస్తుందా, తాలూకాకు ఆ పేరే పెడతారా, పక్క ఊరి పేరు పెడతారా అని చాయ్ దుకాణం దగ్గర పందేలు కాసేవాళ్ళు. మా ఊరి పెద్ద రాజం పటేలు తాలూకాకు నేరేడుగొంది పేరు పెట్టమని అడుగుదామన్నాడు.

"పేరు నీదే పెట్టుకో పటేలా, రాజం తాలూకా అని," అంది మా అత్త. "కచేరి మాత్రం వాగుకు గీదిక్కు ఉండాలె."

నడిమి ఊళ్ళు ఎటు పోవాలో ఆ ఊళ్ళనే అడుగుతారట. ఒక సాహెబు వచ్చి చావడిలో కూర్చుని, ఊరివాళ్ళ మాట విని, వేలిముద్రలు తీసుకుపోతాడట. ఈ కబురు విన్న నాడు మా అత్త అన్నం తినలేదు. సంతోషంతో. కోర్పనా, కోర్పనా అనుకుంటూ వాకిట్లో తిరిగింది. ఇన్ని చాటింపులు విన్నది గానీ, నీకేం కావాలని ఆమెను అడగబోయినవాడు ఇతడే మొదటివాడు.

సాహెబు వచ్చేది మంగళవారం అని కబురు. రాజం పటేలు ఊరికి కట్టు కూడా అదే మంగళవారానికి పెట్టాడు.

"పటేలా, సాబు వచ్చేది గదే నాడు గద," అన్నాడు మా ఆయన.

"సర్కారు మంగళారం అన్నదంటే, అది వచ్చే మంగళారం రా," అన్నాడు పటేలు. "నా తెల్ల మీసం మీద ఒట్టు. చెప్పిన నాడు వచ్చిన సాబును నువ్వు సూసినవా?"

ఎవరూ చూడలేదు. అందరూ ఒప్పుకున్నారు. మా అత్త కూడా ఒప్పుకుంది.

ఆ మంగళవారం ఎండ ఇంకా ఎక్కకముందే గీత కలిసింది. మా అత్త గంప దించి, చేతులు దులుపుకుని, వేపచెట్టు కింద ఆకు కట్టుకుంటోంది. డబ్బీ నా చేతిలో ఉంది. అప్పుడు కోర్పనా తోవలో దుమ్ము లేచింది.

జీపు. సర్కారీ జీపు.

ఊరు ఊరంతా గీత దగ్గరికి ఉరికింది. జీపు అవతల ఆగింది. నడిపే మనిషి వరప్రసాదు అని, చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ బొగ్గుగనుల కాలనీలో పెరిగిన తెలుగువాడు, మెడలో చిన్న సిలువ. దిగి గీతను చూశాడు.

"ఏంది తాతా, ఊరంతటికి ఒక్కటే ముగ్గు ఏసిండ్రా?"

"ముగ్గు కాదు బిడ్డా, కట్టు కట్టినం," అన్నాడు రాజం పటేలు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "రేపు పొద్దు పొడిచేదాక ఎవ్వలు రావద్దు, పోవద్దు."

"మంగళారం వస్తమని కబురు పెట్టినం గద."

"మీరు మంగళారమే వస్తరని మేం అనుకోలే."

వరప్రసాదు దీన్ని సాహెబుకు మరాఠీలో చెప్పబోయి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. సాహెబు కళ్ళద్దాల మనిషి, నెమ్మదస్తుడు. నాగపూర్ వైపువాడట. చెప్పనవసరం లేకుండానే ఆయనకు అర్థమైంది. వాళ్ళ వైపు పల్లెల్లోనూ ఇలాంటిది ఉందట. గీత మీద కాలు పెట్టలేదు. ఆ మర్యాద నేను మరచిపోను.

"సాబ్, మేం ఈడికెంచే చెప్తం, మీరు ఆడికెంచే రాసుకోండ్రి," అన్నాడు మా ఆయన మరాఠీలో. "ఊరంతా కోర్పనానే అంటది."

సాహెబు తల అడ్డంగా ఊపాడు. మాట చాలదట, వేలిముద్రలు కావాలట. వేలిముద్ర వేయాలంటే కాగితం గీత దాటాలి. మీ ఊరే ఆఖరుది, రేపు కచేరి తలుపు తెరిచేసరికి కాగితాలన్నీ చంద్రపూర్‌లో ఉండాలి, రేపు పొద్దు పొడిచాక వచ్చి ఇంతమంది వేళ్ళు అద్దించుకుంటూ కూర్చుంటే అందుకోలేను అన్నాడు. వేలిముద్రలు లేని ఊరు ఇప్పుడున్న చోటే ఉంటుంది. అంటే రాజూరాలో. అంటే వాగు అవతల.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. మా ఆయన, "సున్నం పొడే గద, రెండడుగులు ఏస్తే ఏమైతది," అని ముందుకు వచ్చాడు. రాజం పటేలు ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపాడు. "ఈ ఏడు పసురాలకు రోగమొస్తే ఆ పాపం నీ నెత్తిన ఏసుకుంటవారా?" అన్నాడు. ముసలివాళ్ళు పటేలు వైపు, కుర్రవాళ్ళు మా ఆయన వైపు. గీతకు ఇవతల ఊరు రెండయింది. సాహెబు గడియారం చూసుకుని జీపు వైపు తిరిగాడు.

నేను మా అత్త వైపు చూశాను. ఆకు బుగ్గన పెట్టుకుని జీపును చూస్తోంది. జీపును కాదు, జీపు కింద నేలను.

"ఓ డ్రైవరు బిడ్డా," అని పిలిచింది. "నీ బండిని జరసేపు కదలియ్యకు."

"ఎందుకవ్వా?"

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. గంప ఎత్తింది. గీత మీదికి ఎక్కి నిలబడింది. ముందుకు వంగి పిడికెడు సున్నం బయటివైపుకు పోసింది. ఆ పోసిన సున్నం మీద కాలు పెట్టింది. మళ్ళీ పిడికెడు పోసింది, దాని మీద రెండో కాలు. గీత దిగకుండా, గీత మీదనే నడుస్తూ, గీతను పొడిగిస్తూ జీపు వైపు పోతోంది.

"సారక్కా, ఏం జేస్తున్నవ్?" అని పటేలు గొంతు పగిలేలా అడిగాడు.

"గీత నాది గద. గీస్తున్న."

"బయటికి పోతున్నవ్."

"నా కాళ్ళు సూడు. యాడ పెడుతున్ననో సూడు."

అందరూ ఆమె కాళ్ళనే చూశారు. ఒక్క వేలు కూడా మట్టిని తాకలేదు. జీపు పక్కన, జీపు వెనక, మళ్ళీ ఈ పక్కన. చెమటకు సున్నం మడమల పగుళ్ళలో మండుతుందని నాకు తెలుసు, రోజూ ఆ పాదాలకు నూనె రాసేదాన్ని నేను. ఆమె మొహంలో మాత్రం ఏమీ లేదు. నా పంటి కింద పైట కొంగు ఉందని చాలాసేపటికి గాని తెలియలేదు. గీత తిరిగి వచ్చి పాత గీతతో కలిసింది. ఆమె ఇవతలికి దిగి, వేపమండతో మధ్యన ఉన్న పాత ముక్కను తుడిచేసింది.

"అయిపోయింది," అంది. "సాబు ఇప్పుడు ఊర్ల ఉన్నడు. దాటింది ఎవరు? ఎవ్వలు దాటలే. గీతనే జరిగింది."

పటేలు ముందుకు వచ్చాడు. జీపు చుట్టూ బొజ్జలా ఉబ్బిన గీతను అటు నుంచి ఇటు దాకా చూశాడు. తరువాత తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, "కట్టు తెగలే," అన్నాడు. ఆ మాటతో ఊరు గొల్లున నవ్వింది. కుర్రవాళ్ళు ఈలలు వేశారు.

ఆ గోలలో వరప్రసాదుకు ముందుగా వెలిగింది. "అవ్వా, మరి మేం ఎట్ల బయటపడాలె?"

"రేపు పొద్దుగాల."

గోల ఆగిపోయింది. సాహెబు మొహం ఎర్రబడింది. గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒక్క అడుగు వేస్తే పోతాడు. వేస్తే కట్టు పోతుంది, కోర్పనా పోతుంది, రెండూ పోతాయి.

"ఆజీ," అన్నాడు మరాఠీలో. అంటే అవ్వా అని. "నన్నొక మాట అడగకుండానే మీ ఊళ్ళో కలిపేసుకున్నావు."

మా అత్త మరాఠీ సంత మరాఠీ. కానీ ఆ పూట ఒక్క మాట తడబడలేదు.

"మమ్ముల ఎవలడిగిండ్రు సాబ్? ఆదిలాబాదు అన్నరు, సరే అన్నం. నాందేడు అన్నరు, సరే అన్నం. చాందా అన్నరు. నేను మంచం దిగలే, గీత జరిగింది. నా పెనిమిటి మీ కచేరికి పోయి వాగుల పోయిండు. కాగితం దొరికింది, మనిషి పోయిండు. మీరు ఒక్క రాత్రి మా ఊరోళ్ళయితే ఏమైతది?"

ఆమె గొంతు పెద్దది చేయలేదు. సాహెబు ఆమె కాళ్ళ వైపు చూశాడు, మోకాళ్ళ దాకా తెల్లగా ఉన్నాయి. తరువాత వంగి బూట్లు విప్పి జీపులో పెట్టాడు.

"బరం, ఆజీ," అన్నాడు, సరే అవ్వా అని. "చావడి ఎటు?"

ఆ తరువాత సంబరం ఎలా చెప్పాలో నాకు తెలియదు. నేను కూడా, జీవితంలో మొదటిసారి, నలుగురి ముందు చెయ్యి చాచి వేలిముద్ర కాదు, నా పేరు రాశాను. తెలుగులో జయ అని రాస్తే సాహెబు అద్దాలు సర్దుకుని చూసి, పక్కన మరాఠీలో రాసుకున్నాడు. మా అత్త బొటనవేలు సున్నంతో గడ్డకట్టి ఉంది, ఎంత అద్దినా సిరా పట్టదు. "ఇంత పని జేసిన వేలు గిదే పడకపోతే ఎట్ల," అని వరప్రసాదు జీపులోంచి గుడ్డ తెచ్చి తుడిచాడు. పొయ్యి లేదు కనుక సాహెబు కూడా చల్లారిన రొట్టె, పచ్చిపులుసు తిన్నాడు. పులుసు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. రాజం పటేలు ఆయన పక్కనే కూర్చుని, తాలూకాకు నేరేడుగొంది పేరు పెట్టే సంగతి మెల్లగా ఎత్తాడు. సాహెబు నవ్వి, పేరు నా చేతిలో లేదు పటేల్ అన్నాడు.

పొద్దు పొడవగానే మా అత్త పేడనీళ్ళ బిందెతో ముందుగా జీపు దగ్గరికే పోయి తోవ తీసింది. ఆ తరువాతే మిగతా తోవలు.

ఎండలు పోయి, వానలు పోయి, పత్తి విచ్చింది. ఒకరోజు చేలో ఉండగా రోడ్డు మీద హారన్ ఆగకుండా మోగింది. వరప్రసాదు జీపు దిగకుండానే కిటికీలోంచి సగం బయటికి వచ్చి అరుస్తున్నాడు. "అవ్వా, కోర్పనా. మీ ఊరు కోర్పనా." ఒళ్ళో ఉన్న పత్తి ఎక్కడ పారేశానో నాకు తెలియదు. మా అత్త మాత్రం కదల్లేదు. చేతిలోని పత్తికాయను చివరిదాకా ఒలిచింది. ఒలిచి, వాగు ఉన్న వైపు తిరిగి, "ఇన్నవా?" అంది. మాతో కాదు.

కోర్పనాలో కచేరి తెరిచిన వారంలోనే కొత్త చీర కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని పోయింది. నడుస్తూనే పోయాం, నడుస్తూనే పొద్దుండగానే వచ్చాం, మడమ తడవలేదు. ఏం పని మీద వచ్చావని అక్కడి గుమాస్తా అడిగాడు.

"పనేం లేదు. సూసిపోదామని వచ్చిన," అంది. బెంచీ మీద కూర్చుని, ఆకు వేసుకుని, లేచి వచ్చింది.

ఆ తరువాత ప్రతి కట్టుకూ ఆ చోట గీతను అలాగే బయటికి వంచి గీసేది. జీపు లేదు, అయినా జీపంత చోటు వదిలేది. ఊళ్ళో దాన్ని జీపు వంపు అంటారు. ఇప్పటి పిల్లలకు ఎందుకో తెలియదు. ఊరంటే అంత వంకరగానే ఉంటుందనుకుంటారు.

ఈసారి కట్టుకు గంప నా చేతికి వచ్చింది. రాజం పటేలు కొడుకు వచ్చి, "వదినె, ఇగ నువ్వే," అన్నాడు. గీత తెగుతుందేమోనని భయపడ్డాను. మొదటి పిడికెడు పోశాక భయం పోయింది. ఏదో ఉత్సాహం, ఆ రోజు మళ్ళీ వచ్చినట్టు. కోర్పనా తోవ దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకుండానే చెయ్యి బయటికి తిరిగింది. గీత మీదనే నడిచాను, ఆమె నడిచినట్టు. సున్నం నా మడమల్లోనూ మండింది.

పొద్దు పొడిచాక పేడనీళ్ళ బిందె పట్టుకుని అన్ని తోవలూ తుడిచాను. కోర్పనా తోవలో బళ్ళు పోయేంత మేర తీశాను. మా ఆయన వెనకే నడుస్తున్నాడు.

"జయా, జీపు వంపు ఇంక అట్లనే ఉన్నది," అన్నాడు. "పక్కలు తుడవలే."

"తెలుసు," అన్నాను.

బిందెలో నీళ్ళు సగం ఉన్నాయి. ఇంటికి తెచ్చి పెరట్లో బీర పాదుకు పోసేశాను.